తెప్ప మీద, రేవు మెట్ల మీద బాతులు, నీటికాకులు చేరకుండా ఎలా చేయాలి

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో చెరువు రేవు ఉన్న ఊళ్లలో కార్తీకం వచ్చేసరికి అందరూ అడిగేది ఒకటే. రాత్రి కడిగి పెట్టిన తెప్ప తెల్లారేసరికి రెట్టతో నిండిపోతోంది, ఏం చేయాలి? మీది పిల్లలకు ఈత నేర్పే డ్రమ్ముల తెప్ప కావచ్చు, చేపలకు మేత వేసే బల్ల కావచ్చు, పడవలు కట్టే జెట్టీ కావచ్చు. పని ఒక్కటే, కొలతలు మారతాయి.

చాలామంది ముందు దిష్టిబొమ్మ కడతారు, తర్వాత టపాకాయ కాలుస్తారు, చివరికి విసిగి వదిలేస్తారు. భయం మూడు రోజుల ముచ్చట. బొమ్మ కదలదని, చప్పుడు కరవదని పక్షికి నాలుగో రోజుకు తెలిసిపోతుంది. దాన్ని బెదిరించే పని మానండి. ఎక్కడానికి, వాలడానికి చోటు లేకుండా చేయండి.

ముందు ఎవరొస్తున్నారో తేల్చుకోండి

ఈ పని చేయకుండా తాడు కొనకండి. నీళ్లలోంచి ఈదుకుంటూ వచ్చి ఎక్కే పక్షికి ఒక మందు, పైనుంచి ఎగిరి వాలే పక్షికి ఇంకో మందు.

రెట్ట చూడండి. ఆకుపచ్చగా, తెల్ల మొనతో, గొట్టంలా ముద్దగా, విరిస్తే గడ్డి పీచు కనిపిస్తే అది బాతు. తెల్లని సున్నం చిమ్మినట్టు పలచగా పరుచుకుని నీచు వాసన కొడితే నీటికాకి, లేదా కొంగ. చేప ముళ్లు, పొలుసులు కలిసిన చిన్న ఉండలు కూడా దొరికాయంటే నీటికాకే అనుకోండి. నీటికాకి ఈకలు నీళ్లు పీల్చుకుంటాయి. అందుకే వేట ముగిశాక రెక్కలు చాపి ఆరబెట్టుకోవాలి. నీళ్ల నడుమ తెప్ప ఉంటే అంతకన్నా మంచి చోటు దానికి దొరకదు.

ఇంకా అనుమానంగా ఉంటే సాయంత్రం తెప్ప అంచుల వెంట జానెడు వెడల్పున ముగ్గు చల్లండి. రాతి ముగ్గే చల్లాలి. బియ్యప్పిండి చల్లితే మీరే పిలిచి భోజనం పెట్టినట్టు. పొద్దున్న జాలపాదాల గుర్తులు ఒకే అంచు నుంచి లోపలికి నడిస్తే ఆ వైపు నుంచే ఎక్కుతున్నాయన్నమాట. అంచు ముగ్గు చెదరకుండా నడుమ మాత్రం రెట్ట పడితే పైనుంచి వాలుతున్నాయి. మంచు బాగా పడే రోజుల్లో ముగ్గు తడిసి గుర్తులు చెరిగిపోతాయి. అప్పుడు తెల్లవారుజామున గట్టు మీద ఒక అరగంట కూర్చోవడమే దారి.

ఇంటర్నెట్‌లో కనిపించే వీడియోల్లో ఎక్కువ భాగం అమెరికా, కెనడా చెరువులవి. వాటిలో కనిపించేది కెనడా పెద్దబాతు, మన దగ్గర ఉండదు. వేసవిలో రెక్కల ఈకలు రాల్చుకుని కొన్ని వారాలు అది ఎగరలేదు కాబట్టి అక్కడ అంచుకు రెండు వరసల తాడు కడితే చాలావరకు సరిపోతుంది. మన దగ్గర శీతాకాలంలో వచ్చేవన్నీ ఎగిరేవే. వాళ్ల కొలతలు యథాతథంగా తీసుకుంటే సగం పనే అవుతుంది. చిలికా సరస్సుకు చలికాలంలో వచ్చే, తల వెనక రెండు నల్ల పట్టీలున్న పెద్దబాతు రంభా వైపు ఉన్నవాళ్లకు తెలిసినదే. అది సాధారణంగా తెప్ప ఎక్కదు. ఒడ్డున గడ్డి మేస్తుంది, వరి మడిలో దిగుతుంది. దాని సంగతి గడ్డి దగ్గర చెప్తాను.

చట్టం సంగతి ఒక్క మాట

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, ఎర వేసి పట్టడం, గూడు పాడుచేయడం, గుడ్లు కదపడం కూడా అందులోకే వస్తాయి. ఈ పక్షులన్నింటి విషయంలోనూ ఇది గుర్తుంచుకోండి. చిలికా ఒడ్డునో, ఛత్రపూర్ దగ్గర తంపర సరస్సులోనో అయితే అవి రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేలలు. అక్కడ అటవీ శాఖను అడగకుండా ఏమీ కట్టకండి, టపాకాయ ఊసే వద్దు. ఊరి చెరువైతే పంచాయతీకి, చేపల పాట పాడుకున్నవారికి ముందే చెప్పి ఉంచండి. లేకపోతే మీరు కట్టిన తాడు మర్నాటికి వాళ్లే కోసేస్తారు.

కావలసినవి

3 మీటర్ల పొడవు, 2.4 మీటర్ల వెడల్పు తెప్పకు ఈ లెక్క. మీ తెప్ప పెద్దదైతే చుట్టుకొలత బట్టి పెంచుకోండి.

- 25 మి.మీ. పీవీసీ పైపు, 3 మీటర్లవి రెండు (50 సెం.మీ. గూటాలు పది వస్తాయి, కొంత మిగులుతుంది)
- 32 మి.మీ. పీవీసీ పైపు 1.5 మీటర్లు (15 సెం.మీ. ముక్కలు పది, గూటాలు దిగే గూళ్లకు)
- 32 మి.మీ. సాడిల్ క్లాంపులు 20, వాటికి స్టెయిన్‌లెస్ స్క్రూలు 40, గూళ్ల అడుగున దించడానికి ఇంకో పది. చిలికా వైపు ఉప్పు నీళ్లకు మామూలు స్క్రూ ఎంతోకాలం ఆగదు.
- 25 మి.మీ. ఎండ్ క్యాపులు పది
- 4 మి.మీ. తెల్లని నైలాన్ తాడు 60 మీటర్లు
- పాత సైకిల్ ట్యూబు ఒకటి
- డ్రిల్, 5 మి.మీ. బిట్, రంపం, కొలత టేపు

చేపలు పట్టే సన్నని గాలపు దారం వాడమని ఎవరైనా చెబితే వద్దనండి. కంటికి కనపడదు. పక్షి కాలికి చుట్టుకుంటుంది, ఈత కొట్టే పిల్లాడి చేయి కోస్తుంది. ఇనప మేకుల పట్టీలు, ముళ్ల తీగ కూడా ఈత తెప్ప దగ్గరకు రానివ్వకండి.

తెప్పకు కంచె

1. తెప్ప నీటికి ఎంత ఎత్తున ఉందో ముందు కొలవండి. 200 లీటర్ల డ్రమ్ములు నాలుగు పూర్తిగా మునిగితే దాదాపు 800 కిలోలు మోస్తాయి, సగం మునిగితే 400. ఖాళీ తెప్ప సగానికి మించి మునగకూడదు. డ్రమ్ము అడ్డుకొలత 58 సెం.మీ. దాకా ఉంటుంది కాబట్టి సగం మునిగినా, పైన చట్రం, చెక్కలు కలుపుకుని బల్ల నీటికి 35 సెం.మీ. పైన నిలుస్తుంది. ఆ ఎత్తుకు పెంపుడు బాతు నీళ్లలోంచి ఎక్కలేదు. అడవి బాతు ఎగిరి ఎక్కగలదు గానీ తేలిక దారి ఉంటే అదీ అంత శ్రమ పడదు. బల్ల నీటికి జానెడులోపే ఉంటే డ్రమ్ములోకి నీళ్లు దూరుతున్నాయేమో చూడండి, లేదంటే ఇంకో రెండు డ్రమ్ములు కట్టండి. కంచె తర్వాత సంగతి.

2. వేలాడే టైర్లు, తాడు నిచ్చెన, ఇనప మెట్లు తీసేయండి, లేదా రోజూ సాయంత్రం పైకి లాగే ఏర్పాటు చేయండి. పడవ కొట్టుకోకుండా కట్టిన టైరు బాతుకు మెట్టు. కంచె అంతా చక్కగా కట్టి టైరు వదిలేసినవాళ్లే ఎక్కువ.

3. 32 మి.మీ. ముక్కలను చట్రం బయటి వైపు నిలువుగా, పై అంచు బల్లతో సమంగా ఉండేలా పెట్టి, ఒక్కోదానికి రెండు క్లాంపులు బిగించండి. నాలుగు మూలలకు నాలుగు, పొడవు వైపులా రెండేసి, వెడల్పు వైపులా ఒక్కొక్కటి, మొత్తం పది. ప్రతి గూడు అడుగున అడ్డంగా ఒక స్క్రూ దించండి. అది లేకపోతే గూటం జారి చెరువులో పడుతుంది.

4. గూటాలకు బల్ల పైనుంచి 10 సెం.మీ. ఎత్తున ఒకటి, 22 సెం.మీ. ఎత్తున ఇంకొకటి బెజ్జం వేయండి. ఈ ఎత్తు మన చిన్న బాతులకు. ఊళ్లో ఎవరైనా పెద్దబాతులు పెంచుతుంటే 15, 30 సెం.మీ. చేయండి. 15 సెం.మీ. గూట్లోకి పోగా గూటం 35 సెం.మీ. పైకి ఉంటుంది, రెండు కొలతలూ సరిపోతాయి.

5. తాడు రెండు వరసలూ బెజ్జాల్లోంచి చుట్టూ లాగండి. ముడి వేసే చోట అరచేతి పొడవు సైకిల్ ట్యూబు ముక్క కలిపి కట్టండి. నైలాన్ తడిస్తే సాగుతుంది, ట్యూబు ఆ సడలింపు లాగేసుకుంటుంది. వేలితో నొక్కితే రెండు వేళ్ల మందం కన్నా ఎక్కువ దిగకూడదు. వదులు తాడును బాతు రొమ్ముతో నెట్టుకుంటూ వచ్చేస్తుంది.

6. గూటాల కొసలకు క్యాపులు పెట్టండి. లేకపోతే వాననీరు నిలిచి దోమలు.

ఈతకు దిగేముందు గూటాలు తాడుతో సహా పీకి పక్కన పెట్టేయాలి, అందుకే వాటిని గూళ్లలో నిలబెట్టడం. ఇద్దరుంటే అయిదు నిమిషాల పని. మనుషులు తెప్ప మీద ఉండగా కాలికి అడ్డం పడే ఎత్తులో తాడు ఉంచారంటే, పక్షుల బెడద కన్నా పెద్ద బెడద తెచ్చుకున్నట్టే.

పైనుంచి వాలేవాటికి

ఇప్పటిదాకా చెప్పిన అంచు కంచె నీటికాకిని ఆపదు. నీటికాకికి, తెల్లకొంగకు, గుడ్డికొంగకు రెక్క ముడిచే జాగా లేకుండా చేయాలి.

అదే గూటాల పైకొస దగ్గర ఇంకో బెజ్జం వేసి, తెప్ప పొడవునా తాళ్లు అడ్డంగా కట్టండి. ఎత్తు 30 సెం.మీ., తాటికీ తాటికీ ఎడం 30 సెం.మీ. 2.4 మీటర్ల వెడల్పుకు నడుమ ఏడు వరసలు, అంటే ముడులతో కలిపి 25 మీటర్ల తాడు. వెడల్పు వైపు ఉన్న మూడు గూటాల మీద ఒక వెదురు బద్ద అడ్డంగా కట్టుకుంటే ఏడు వరసలూ దానికే ముడేయవచ్చు, సాయంత్రం చాపలా పరిచి పొద్దున్న చుట్టేయవచ్చు. వారం చూడండి. కొంగ ఇంకా సందులోంచి దిగుతుంటే ఎడం 20 సెం.మీ.కి తగ్గించండి.

వల పరిస్తే తేలిక కదా అంటారు. బిగువుగా చట్రానికి లాగి కట్టిన మందపాటి దారం వల అయితే సరే. బల్ల మీద వదులుగా పరిచిన పాత చేపల వలలో మాత్రం బుడుబుంగ దగ్గర నుంచి నీటిపాము దాకా చిక్కుకుని చస్తాయి. ఆ కళేబరం తీయడం రెట్ట కడగడం కన్నా హీనం.

గుడారంలా వాలు కప్పు వేయాలనుకుంటే వాలు 45 డిగ్రీలకు మించాలి, కొప్పు మీద 8 సెం.మీ. ఎత్తున ఒక తాడు లాగాలి. లేకపోతే కొప్పు మీదే వరసగా కూర్చుంటాయి. టార్పాలిన్ బదులు గ్రీన్ నెట్ వాడండి, గాలి పోతుంది. నిజం చెప్పాలంటే గాలి ఎక్కువగా ఉండే మన తీరానికి గుడారం నప్పదు, తాళ్ల వరసలే మేలు.

జెట్టీ గుంజలకు వేరే వైద్యం. గుంజ తల మీద రేకును శంఖంలా చుట్టి టోపీ పెట్టండి, వాలు 60 డిగ్రీలు ఉండేలా. చేతిపట్టు గొట్టం మీద కూర్చుంటుంటే దాని పైన ఒక తీగ లాగి, ఆ తీగకు 50 మి.మీ. పీవీసీ పైపు ముక్కలు తొడగండి. వాలగానే పైపు తిరుగుతుంది, కాలు నిలవదు. తీగ బిగువు తగ్గితే పైపు గొట్టానికి ఆని తిరగడం మానేస్తుంది, నెలకోసారి బిగించుకోవాలి.

పడవలను వాడనప్పుడు బోర్లించండి. అంతకన్నా చేయాల్సింది లేదు.

రేవు మెట్లు, గట్టు

ఇక్కడ తాడు కన్నా తిండి సంగతి ముఖ్యం. రేవులో గిన్నెలు కడిగితే ఒడియావాళ్ల పఖాళ (నీళ్లలో నానిన అన్నం) మెతుకులు, చద్దన్నం మెతుకులు మెట్ల సందుల్లో ఉంటాయి. పిండాలు పెడతారు. అటుకులు వేసి బాతులను పిలిచే పిల్లలుంటారు. కార్తీక పౌర్ణమికి ఒడియావాళ్ల బోయిత బందాణ బొమ్మ పడవలు, మనవాళ్ల దీపాల దొప్పలు ఒకే తెల్లవారుజామున ఒకే రేవులో వదులుతారు. వాటిలో పెట్టిన బియ్యం, పళ్లు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. వలస పక్షులు దిగే రోజులూ అవే. ఆ రోజు మధ్యాహ్నానికల్లా బుట్ట పట్టుకుని ఒడ్డంతా ఏరేయండి. చేపల మేత బల్ల మీద తవుడు, వేరుశనగ చెక్క ఒలికితే వెంటనే ఊడ్చేయండి.

గిన్నెలు కడగడం మాన్పించలేరు, ఆ ప్రయత్నం చేయకండి. రేవు పైమెట్టు దగ్గర మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టి ఎంగిలి అందులో వేయమంటే సగం మంది వేస్తారు. సగం చాలు.

గడ్డి సంగతి. బాతులకు, ముఖ్యంగా చిలికా వైపు పెద్దబాతులకు, పొట్టిగా లేతగా ఉన్న పచ్చిక కావాలి, నాలుగు వైపులా చూపు ఆనాలి. నీటి అంచున రెండు మూడు మీటర్ల వెడల్పున గడ్డి కోయకుండా మోకాలెత్తు పెరగనిస్తే ఆ చాటున ఏముందోనని దాటి రావు. వట్టివేరు వేస్తే ఇంకా మంచిది, గట్టు కోత కూడా ఆగుతుంది. అయితే మోకాలెత్తు గడ్డి అంటే పాములు. మనుషులు నడిచే దారికి రెండు వైపులా మీటరున్నర నేలబారుగా కోసి ఉంచండి. ఆ దారి నీటి అంచుకు తిన్నగా కాక కొంచెం వంకరగా ఉంటే బాతుకు అవతల ఏముందో కనిపించదు.

కోతల తర్వాత వచ్చే పెంపుడు బాతుల మందలకు 60 సెం.మీ. ఎత్తు వెదురు తడిక చాలు, మెట్ల అడుగున అడ్డంగా. మందవాడితో మాట్లాడి నీళ్లకు వేరే వైపు దింపుకోమంటే అదీ అవసరం లేకపోవచ్చు. వాడికి కావలసింది నీళ్లు, మీ రేవు కాదు.

ఎక్కువగా జరిగే తప్పులు

పక్షులు అలవాటు పడ్డాక కట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు. వలస పక్షులు అక్టోబరు, నవంబరుల్లో వచ్చి మార్చి దాకా ఉంటాయి. గూళ్లు, గూటాలు సెప్టెంబరులోనే సిద్ధం చేసుకుని మొదటి గుంపు కనిపించగానే తాళ్లు వేయండి. నెల రోజులు తెప్ప మీద పడుకున్న గుంపు తాడు చూసి పోదు, తాటిలో సందు వెతుకుతుంది.

మూడు వైపులా కట్టి నాలుగో వైపు మనుషులు ఎక్కడానికి వదిలేయడం రెండోది. బాతులూ ఆ వైపే ఎక్కుతాయి.

మెరుపు రిబ్బను, పాత సీడీలు, గద్ద గాలిపటం పనికిరావని కాదు. కంచెకు తోడుగా, రెండు మూడు రోజులకోసారి చోటు మారుస్తూ వాడితే మొదటి వారం సాయపడతాయి. రిబ్బనును మెలిపెట్టి కట్టండి, గాలికి మెరుపుతో పాటు చప్పుడు కూడా వస్తుంది. తెగిన ముక్కలు నీళ్లలో పడితే ఏరాల్సింది మీరే. ప్లాస్టిక్ గుడ్లగూబ మాత్రం డబ్బు దండగ.

నీటికాకులు పడుకునే చెట్టు కొట్టేద్దామని ఎవరో ఒకరు అంటారు. వానాకాలంలో ఆ చెట్టు మీద కొంగల, నీటికాకుల గూళ్లుంటాయి. పైన చెప్పిన చట్టం అక్కడ నేరుగా తగులుతుంది.

రెట్ట కడగడం

ఎండిన రెట్టను పొడిగా గీకకండి, ఆ దుమ్ము పీల్చకూడదు. మూతికి గుడ్డ, చేతికి తొడుగు వేసుకుని, ముందు బాగా తడిపి పది నిమిషాలు నాననిచ్చి, గీకి, గమేళాలోకి ఎత్తి గట్టుకు దూరంగా పాతండి. తర్వాత లీటరు నీటికి 15 గ్రాముల బ్లీచింగ్ పొడి కలిపి గుడ్డతో బల్లంతా తడిపి, మరో పది నిమిషాలకు మంచినీటి గుడ్డతో తుడవండి. బకెట్‌తో కుమ్మరించి చెరువులోకి పోనివ్వకండి, క్లోరిన్‌కు చేపలు చస్తాయి. వీలైతే తెప్పను గట్టుకు లాగి కడగడం మేలు. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలపడం ప్రాణం మీదికి తెస్తుంది.

బాతులు, నత్తలు రెండూ ఉన్న రేవులో ఈత కొట్టాక ఒళ్లంతా ఎర్రని దద్దుర్లు, దురద వస్తే అది తరచూ నత్తల్లోంచి వచ్చే సూక్ష్మ పురుగు పని. అది బాతుకూ నత్తకూ మధ్య బతుకుతుంది, మనిషి చర్మంలో దూరి అక్కడే చస్తుంది. నీళ్లలోంచి రాగానే ఒళ్లు గట్టిగా తుడుచుకుంటే చాలావరకు తగ్గుతుంది. ఒకేచోట నాలుగైదు పక్షులు చచ్చి కనిపిస్తే మాత్రం ముట్టుకోకుండా పశువైద్యశాలకు చెప్పండి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

కంచె కట్టే ముందు మూడు పొద్దులు, కట్టాక ఏడు పొద్దులు రెట్టలు లెక్కపెట్టండి. రోజూ లెక్కయ్యాక కడిగేయాలి, లేకపోతే నిన్నటిది, ఇవాళటిది కలిసిపోతాయి. లెక్క కాగితం మీద రాయండి. "తగ్గినట్టే ఉంది" అనే మాటను నమ్మకండి.

మొదటి రెండు రోజులు లెక్క తగ్గకపోయినా కంగారు పడనక్కర్లేదు, అవి సందు వెతుకుతుంటాయి. నాలుగో రోజుకు సగానికి రావాలి. రాలేదంటే మళ్లీ అంచున ముగ్గు చల్లండి. అడుగులు ఒకేచోట లోపలికి వస్తుంటే అక్కడ తాడు సడలి ఉంటుంది, లేదా గూటం ఒరిగి ఉంటుంది. అడుగులు లేకుండా రెట్ట మాత్రం నడుమ పడుతుంటే మీరు బాతుకు కట్టారు, వస్తున్నది నీటికాకి. పై వరసలు వేయండి. తెప్ప శుభ్రంగా ఉండి పక్కనున్న పడవ నిండా రెట్ట పడితే పని సగమే అయింది, దాన్నీ బోర్లించండి.

ఇక తుఫాను. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే ఈ తీరం మీదికి వచ్చాయి. హెచ్చరిక వినగానే గూటాలు, వెదురు బద్దలు, తాళ్లు అన్నీ పీకి ఇంట్లో పెట్టండి, తెప్పను గట్టుకు లాగి కట్టండి. గాలి తగ్గాక మళ్లీ గూళ్లలో దించే ముందు ఒక్కో క్లాంపు చేత్తో కదిపి చూడండి, అలలకు మొదట వదులయ్యేవి మూలల్లోవి.